పేరు పెట్టని వ్యవస్థ: అమెరికా అంతర్యుద్ధానికి దారితీసిన బానిసత్వ వివాదాలు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

అమెరికా అంతర్యుద్ధం (1861–65) ఎందుకు సంభవించింది అన్న ప్రశ్నకు చరిత్ర రచనలో ప్రధానంగా రెండు సమాధానాలు కనిపిస్తాయి. బానిసత్వమే కారణమన్నది మొదటిది. రాష్ట్రాల హక్కులకూ కేంద్ర ప్రభుత్వ అధికారానికీ మధ్య తలెత్తిన ఘర్షణే కారణమనీ, బానిసత్వం అందులో ఒక సందర్భం మాత్రమేననీ చెప్పేది రెండవది. యుద్ధం ముగిసిన మరుక్షణం నుంచే ఈ రెండవ వాదం పుస్తకాల్లోకి ఎక్కింది. ఎడ్వర్డ్ పొలార్డ్ 1866లో ప్రకటించిన గ్రంథం 'లాస్ట్ కాజ్' అనే పేరునే ఒక ధోరణికి పేరుగా స్థిరపరిచింది. ఓడిన పక్షానికి అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్ 1881లో వెలువరించిన బృహద్గ్రంథం కూడా ఈ బాటలోనే నడిచింది.

ఈ రెండు వాదాలనూ పక్కపక్కన నిలిపి 'రెండింటిలోనూ కొంత నిజం ఉంది' అని ముగించడం సులభం. కాని అలా ముగిస్తే, ఆనాటివారు స్వయంగా రాసుకున్న మాటలకు ఇవ్వవలసిన విలువ ఇవ్వనట్టే అవుతుంది. రాజ్యాంగ నిబంధనలు, చట్టాలు, న్యాయస్థాన తీర్పులు, వేర్పాటు ప్రకటనలు అన్నీ భాషలో నిర్మితమైన పాఠాలే. ఏ మాటను వాడారు, దేన్ని దాటవేశారు, దాటవేసిన మాట మళ్లీ ఎప్పుడు పైకి వచ్చింది అన్న దృష్టితో ఆ పాఠాలను వరుసగా చదివితే వివాదం నడిచిన తీరు స్పష్టమవుతుంది. ఆ పఠనమే ఈ వ్యాసం లక్ష్యం.

'దాస్యం' అనే మాట గురించి

విషయంలోకి వెళ్లే ముందు మన పరిభాష గురించి ఒక మాట చెప్పుకోవాలి. తెలుగులో 'దాస్యం' అనే పదానికి సుదీర్ఘమైన సాహిత్య చరిత్ర ఉంది. నవవిధ భక్తులలో దాస్యం ఒకటి. భగవంతునికి దాసుడనని చెప్పుకోవడం మన కవులకూ వాగ్గేయకారులకూ గౌరవచిహ్నం. జాతీయోద్యమ కాలానికి ఇదే పదం 'దాస్యశృంఖలాలు' అనే రూపంలో రాజకీయ పరాధీనతకు రూపకమయింది. ఒకచోట స్వచ్ఛందమైన శరణాగతి, ఇంకొకచోట జాతి మొత్తం అనుభవించిన పరపాలన దీని అర్థాలు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిసత్వం ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. అక్కడ మనిషి చట్టరీత్యా ఆస్తి. అతన్ని కొనవచ్చు, అమ్మవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, వీలునామాలో వారసులకు రాసి ఇవ్వవచ్చు. బిడ్డ స్థితి తల్లి స్థితిని అనుసరిస్తుందని 1662లో వర్జీనియా వలస శాసనసభ చట్టం చేయడంతో, బానిస స్త్రీ గర్భం సైతం యజమాని ఆస్తిలో భాగమయింది. దీనికి చర్మవర్ణం ఆధారం. అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి చేసిన 'ఏడుతరాలు' అనువాదం ద్వారా ఈ వ్యవస్థ స్వరూపం తెలుగు పాఠకులకు చేరువయింది. ఈ వ్యాసంలో 'బానిసత్వం' అనే పదాన్ని ఈ చట్టబద్ధమైన ఆస్తి అనే అర్థంలోనే వాడుతున్నాను. తరువాత చర్చించే వివాదాలన్నీ మనిషిని ఆస్తిగా పరిగణించడమనే అంశం చుట్టూనే తిరిగాయి.

రాజ్యాంగంలో మౌనం

1787లో ఫిలడెల్ఫియాలో రచించిన అమెరికా రాజ్యాంగంలో 'బానిస' అనే పదం గాని, 'బానిసత్వం' అనే పదం గాని లేవు. అయితే ఆ వ్యవస్థ మూడు చోట్ల ఉంది. ప్రతినిధుల సభలో స్థానాలను జనాభా ప్రకారం పంచేటప్పుడు స్వతంత్రుల సంఖ్యకు 'ఇతర వ్యక్తుల'లో అయిదింట మూడు వంతులను కలపాలన్నది మొదటిది. రాష్ట్రాలు రప్పించుకోదలచిన 'వ్యక్తుల' రాకను 1808కి ముందు కాంగ్రెస్ నిషేధించరాదన్నది రెండవది. ఒక రాష్ట్రంలో 'సేవకు గాని శ్రమకు గాని బద్ధుడైన వ్యక్తి' ఇంకొక రాష్ట్రానికి పారిపోతే అతన్ని తిరిగి అప్పగించాలన్నది మూడవది.

ఈ మౌనం యాదృచ్ఛికం కాదు. మనుషులపై ఆస్తిహక్కు ఉండవచ్చన్న భావనను రాజ్యాంగంలో అంగీకరించడం సరికాదని జేమ్స్ మాడిసన్ ఆ సభలో అభిప్రాయపడినట్టు ఆయన రాసుకున్న సభావివరాల్లోనే ఉంది. ఆ మాడిసన్ స్వయంగా బానిసల యజమాని. మాటను తొలగించి వ్యవస్థను నిలబెట్టిన ఈ ఏర్పాటులో భావి వివాదాల బీజాలు ఉన్నాయి. అయిదింట మూడు వంతుల లెక్క దక్షిణ రాష్ట్రాలకు ప్రతినిధుల సభలోనూ, అధ్యక్ష ఎన్నికలోనూ అదనపు బలం ఇచ్చింది. కాబట్టి కొత్త రాష్ట్రం చేరిన ప్రతిసారీ అందులో బానిసత్వం ఉంటుందా లేదా అన్నది నైతిక ప్రశ్నగానే కాక అధికార ప్రశ్నగా కూడా మారింది. ఇక అప్పగింత నిబంధన, బానిసత్వం లేని రాష్ట్రాలను సైతం దాని రక్షణకు బాధ్యులను చేసింది. ఇష్టం ఉన్నా లేకున్నా ఉత్తరాది ఇందులో భాగస్వామి అయింది.

పత్తి తెచ్చిన మార్పు

రాజ్యాంగ నిర్మాతలలో పలువురు బానిసత్వం క్రమంగా అంతరిస్తుందని భావించారు. ఉత్తరాది రాష్ట్రాలు ఒకటొకటిగా దాన్ని రద్దు చేస్తూ వచ్చాయి. 1787లోనే ఓహైయో నదికి ఉత్తరాన ఉన్న భూభాగంలో బానిసత్వాన్ని నిషేధించారు. అయితే 1793లో ఎలై విట్నీ రూపొందించిన జిన్ను యంత్రం ఈ అంచనాను తలకిందులు చేసింది. గింజ నుంచి దూదిని వేరుచేసే పని సులువు కావడంతో పొట్టిపింజ పత్తి సాగు జార్జియా నుంచి అలబామా, మిసిసిపీల మీదుగా టెక్సాస్ వరకు విస్తరించింది. లాంకషైర్ మిల్లులు ఆ పత్తిని ఎంతైనా కొనేవి.

1790 జనాభా లెక్కల్లో దాదాపు 7 లక్షలుగా ఉన్న బానిసల సంఖ్య 1860 నాటికి 39 లక్షలు దాటింది. అంతర్యుద్ధానికి ముందు అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. విదేశాల నుంచి బానిసలను తేవడం 1808లో నిషిద్ధమయ్యాక వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత రాష్ట్రాల నుంచి కొత్త పత్తి భూములకు దేశీయ విక్రయం పెరిగింది. కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. బానిస ధర పెరిగిన కొద్దీ అతన్ని వదులుకోవడం యజమానికి అసాధ్యమయింది. ఒకప్పుడు 'తప్పనిసరి దుర్గుణం'గా సమర్థించిన దాన్నే 1837లో సెనేట్‌లో జాన్ కాల్హూన్ మేలైన వ్యవస్థగా కీర్తించాడు. మాట ఎంత మారిందో ఇక్కడ గమనించాలి. క్షమాపణ ధోరణి పోయి ప్రశంస వచ్చింది.

గీతలు, రాజీలు

1819లో మిసోరి రాష్ట్రహోదా కోరే నాటికి బానిసత్వం ఉన్న రాష్ట్రాలు 11, లేనివి 11. సెనేట్‌లో ఈ సమతూకం చెదరకుండా 1820లో రాజీ కుదిరింది. మిసోరిని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకున్నారు. లూయిజియానా కొనుగోలు ద్వారా వచ్చిన మిగతా భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండరాదని నిర్ణయించారు. ఒక నైతిక సమస్యకు భౌగోళిక రేఖతో సమాధానం చెప్పే ప్రయత్నం ఇది.

రేఖ భూమిని విభజించింది గాని మాటను ఆపలేకపోయింది. 1831 జనవరిలో విలియం లాయిడ్ గారిసన్ 'లిబరేటర్' పత్రికను ప్రారంభించాడు. అదే ఏడాది ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ నాయకత్వంలో బానిసల తిరుగుబాటు జరిగింది. దక్షిణాది రాష్ట్రాలు బానిసలకు చదువు చెప్పడంపైన, వారి సమావేశాలపైన ఆంక్షలు బిగించాయి. 1835లో చార్ల్‌స్టన్‌లో ఒక మూక తపాలా కార్యాలయంలోని నిర్మూలనవాద పత్రికలను తగలబెట్టింది. 1836 నుంచి 1844 వరకు ప్రతినిధుల సభ బానిసత్వంపై వచ్చిన అర్జీలను చర్చించకుండానే పక్కన పెట్టే నియమాన్ని పాటించింది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆ నియమంపై ఏళ్ల తరబడి పోరాడాడు. 1837లో ఇల్లినాయ్‌లోని ఆల్టన్‌లో తన ముద్రణాయంత్రాన్ని కాపాడుకుంటూ సంపాదకుడు ఎలైజా లవ్‌జాయ్ మూక చేతిలో హతుడయ్యాడు.

ఈ దశ కీలకమైనది. బానిసల విముక్తి పట్ల ఆసక్తి లేని ఉత్తరాది వాళ్లు కూడా తమ తపాలా, తమ అర్జీ, తమ పత్రిక ప్రమాదంలో పడ్డాయని గ్రహించారు. బానిసత్వాన్ని కాపాడడానికి స్వతంత్రుల వాక్స్వాతంత్ర్యాన్ని సైతం అణచవలసి వస్తోందన్న స్పృహ కలిగింది. రాజ్యాంగంలో పాటించిన మౌనం ఇప్పుడు బలవంతపు మౌనమయింది.

మెక్సికో యుద్ధం (1846–48) ఫలితంగా కాలిఫోర్నియా నుంచి న్యూ మెక్సికో వరకు విశాలమైన భూములు అమెరికాకు దక్కడంతో పాత ప్రశ్న మళ్లీ తలెత్తింది. ఆ భూముల్లో బానిసత్వం ఉండరాదని డేవిడ్ విల్మట్ 1846లో చేసిన ప్రతిపాదన ప్రతినిధుల సభలో నెగ్గినా సెనేట్‌లో నిలవలేదు. ఓట్లు పార్టీలవారీగా కాక ప్రాంతాలవారీగా చీలడం ఇక్కడ గమనించదగిన విషయం.

1850 చట్టం: 'రాష్ట్రాల హక్కులు' ఎవరివి?

1850 రాజీలో కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రంగా చేరింది. బదులుగా దక్షిణాదికి దక్కినవాటిలో ముఖ్యమైనది పారిపోయిన బానిసల అప్పగింతకు చేసిన కఠినమైన కేంద్ర చట్టం. పట్టుబడిన వ్యక్తికి జ్యూరీ విచారణ లేదు. తన తరఫున సాక్ష్యం చెప్పుకునే అవకాశమూ లేదు. అతన్ని యజమానికి అప్పగిస్తే విచారణాధికారికి 10 డాలర్ల రుసుము, విడిచిపెడితే 5 డాలర్లు. పట్టుకోవడంలో సహకరించమని అధికారులు సామాన్య పౌరులను ఆదేశించవచ్చు.

ఈ చట్టం ఉత్తరాది వీధుల్లోకి బానిసత్వాన్ని తీసుకువచ్చింది. 1852లో పుస్తకరూపంలో వెలువడిన హారియెట్ బీచర్ స్టోవ్ నవల 'అంకుల్ టామ్స్ కాబిన్' తొలి ఏడాదిలోనే అమెరికాలో 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఒకప్పటి బానిస ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథ, ఉత్తరాది వేదికలపై ఆయన ప్రసంగాలు బాధితుని గొంతుతోనే ఈ వ్యవస్థను వినిపించాయి. 1854లో బోస్టన్‌లో ఆంథొనీ బర్న్స్ అనే వ్యక్తిని తిరిగి వర్జీనియాకు పంపడానికి సైనికుల కాపలా అవసరమయింది.

రాష్ట్రాల హక్కుల వాదానికి అసలైన పరీక్ష ఇక్కడే ఎదురయింది. ఉత్తరాది రాష్ట్రాలు పలువిధాల 'వ్యక్తి స్వేచ్ఛా చట్టాలు' చేసి, తమ జైళ్లను, తమ అధికారులను ఈ వేటకు ఇవ్వబోమన్నాయి. విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఏకంగా కేంద్ర చట్టం చెల్లదని ప్రకటించింది. అంటే కేంద్రాధికారాన్ని ఎదిరించి రాష్ట్ర హక్కును చాటింది ఉత్తరాది. దాన్ని తోసిపుచ్చి కేంద్ర చట్టమే చెల్లుతుందని 1859లో తీర్పునిచ్చింది అమెరికా సుప్రీంకోర్టు. ఆ తీర్పు దక్షిణాదికి అనుకూలించింది. రాష్ట్ర హక్కు అన్నది దక్షిణాదికి సిద్ధాంతమే అయితే విస్కాన్సిన్‌ను సమర్థించి ఉండాలి. అలా జరగలేదు. బానిసత్వానికి అనువైనప్పుడు రాష్ట్రాధికారం, అవసరమైనప్పుడు కేంద్రాధికారం ఆయుధాలయ్యాయి.

రాజీల భాష కూలిన వేళ

1854లో స్టీఫెన్ డగ్లస్ ప్రవేశపెట్టిన కాన్సస్–నెబ్రాస్కా చట్టం 1820 నాటి రేఖను చెరిపివేసి, బానిసత్వం ఉండాలో వద్దో ఆయా భూభాగాల్లో స్థిరపడినవారే తేల్చుకోవాలంది. చూడడానికి ప్రజాస్వామికమైన ఈ సూత్రం ఆచరణలో కాన్సస్‌ను యుద్ధభూమిని చేసింది. సరిహద్దు దాటి మిసోరి నుంచి వచ్చినవారు దొంగ ఓట్లు వేశారు. 1856 మే 21న బానిసత్వ అనుకూలురు లారెన్స్ పట్టణాన్ని కొల్లగొట్టారు. మరునాడు సెనేట్ సభామందిరంలోనే మసాచుసెట్స్ సభ్యుడు చార్లెస్ సమ్నర్‌ను దక్షిణ కరోలినా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో స్పృహ తప్పేలా కొట్టాడు. మరి రెండు రోజులకు జాన్ బ్రౌన్ బృందం కాన్సస్‌లో అయిదుగురిని నరికి చంపింది. చర్చాసభలో సైతం మాట స్థానాన్ని కర్ర ఆక్రమించిన వారం అది.

పాత విగ్ పార్టీ చీలిపోయింది. కొత్త భూభాగాల్లో బానిసత్వ విస్తరణను అడ్డుకోవడమే లక్ష్యంగా 1854లో రిపబ్లికన్ పార్టీ పుట్టింది. ఉన్నచోట బానిసత్వాన్ని రద్దు చేస్తామని ఆ పార్టీ అనలేదు. అందులో నల్లవారితో సమానత్వాన్ని అంగీకరించనివారు చాలామంది ఉన్నారు. స్వేచ్ఛా శ్రామికుల భూములు బానిస యజమానుల పరం కాకూడదన్నది వారి ప్రధాన ఆందోళన. ఈ భేదాన్ని గుర్తించకపోతే ఉత్తరాదిని నిర్మూలనవాదుల కూటమిగా పొరబడతాం.

1857 మార్చి 6న డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మధ్యేమార్గాన్ని మూసివేసింది. యజమానితో కలిసి స్వేచ్ఛా భూభాగంలో నివసించాను కాబట్టి నేను స్వతంత్రుణ్ణి అన్నది స్కాట్ వాదన. ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, ఆఫ్రికన్ సంతతివారు అమెరికా పౌరులు కాజాలరనీ, భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదనీ ప్రకటించాడు. అంటే రిపబ్లికన్ పార్టీ మూల ప్రణాళికే రాజ్యాంగ విరుద్ధమయింది. రాజ్యాంగంలో 'వ్యక్తి' అని రాసినచోట న్యాయస్థానం 'ఆస్తి' అని చదివింది. డెబ్భై ఏళ్ల కిందట దాచిన మాటకు ఇది న్యాయస్థానం చెప్పిన అర్థం.

1859 అక్టోబరులో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంపై జాన్ బ్రౌన్ చేసిన దాడి విఫలమయింది. డిసెంబరు 2న అతన్ని ఉరితీశారు. ఉత్తరాదిలో కొందరు అతన్ని అమరుణ్ణి చేయడం దక్షిణాది భయాన్ని ద్విగుణీకృతం చేసింది. 1860లో డెమోక్రటిక్ పార్టీ కూడా ప్రాంతాలవారీగా చీలింది. నవంబరులో అబ్రహాం లింకన్ సుమారు 40 శాతం ప్రజల ఓట్లతో, దక్షిణాదిలోని పది రాష్ట్రాల్లో ఒక్క ఓటూ లేకుండానే ఎన్నికయ్యాడు.

వేర్పాటు పాఠాలు

1860 డిసెంబరు 20న దక్షిణ కరోలినా యూనియన్ నుంచి విడిపోయింది. ఫిబ్రవరి మొదటికి మరో ఆరు రాష్ట్రాలు ఆ దారిపట్టాయి. ఎందుకు విడిపోతున్నారో వారిలో కొందరు ప్రత్యేక ప్రకటనల్లో వివరించారు. దక్షిణ కరోలినా ప్రకటనలోని ప్రధాన ఫిర్యాదు ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసలను అప్పగించడం లేదన్నది. న్యూయార్క్ తన భూభాగం మీదుగా బానిసలను తీసుకువెళ్లే హక్కును సైతం నిరాకరించిందని కూడా అందులో ఉంది. అంటే ఇతర రాష్ట్రాలు తమ హక్కును వినియోగించుకోవడమే ఇక్కడ నేరం. మిసిసిపీ ప్రకటన ఇంకా సూటిగా తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో సంపూర్ణంగా ముడిపడి ఉందని చెప్పింది.

1861 మార్చిలో ఆమోదించిన కాన్ఫెడరేట్ రాజ్యాంగం ఈ పరిశీలనకు అత్యంత విలువైన పాఠం. పాత రాజ్యాంగాన్ని చాలావరకు అక్షరాలా అనుసరించిన ఈ పత్రం, పాతది దాటవేసిన మాటను మాత్రం స్పష్టంగా రాసింది. నల్ల బానిసలపై ఆస్తిహక్కుకు భంగం కలిగించే చట్టమేదీ తమ కాంగ్రెస్ చేయరాదన్నది. ఏ రాష్ట్ర పౌరుడైనా తన బానిసలతో ఏ రాష్ట్రంలోనైనా సంచరించే హక్కును గుర్తించింది. రాష్ట్రాల స్వాతంత్ర్యాన్ని పీఠికలో ప్రస్తావించినా, విడిపోయే హక్కును ఎక్కడా నిబంధనగా చేర్చలేదు. అదే నెల 21న సవానాలో ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్, జాతుల అసమానత్వమూ బానిసత్వమూ తమ ప్రభుత్వానికి మూలశిల అని ప్రసంగించాడు. యుద్ధానంతరం ఇదే స్టీఫెన్స్ రెండు సంపుటాల గ్రంథంలో సంఘర్షణను రాజ్యాంగ సూత్రాల వైరుధ్యంగా చిత్రించాడు. ఒకే రచయిత రెండు పాఠాల మధ్య జరిగినది ఓటమి. ఏ పాఠాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్న ప్రశ్నకు ఆ క్రమమే సమాధానం.

యుద్ధ లక్ష్యం మారిన తీరు

దక్షిణాది బానిసత్వం కోసం విడిపోయింది కాబట్టి ఉత్తరాది మొదటి నుంచీ బానిస విముక్తి కోసమే పోరాడిందని తేల్చడం సరికాదు. బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో కేంద్రం జోక్యం చేసుకోరాదన్న రాజ్యాంగ సవరణను 1861 మార్చిలో కాంగ్రెస్ ఆమోదించింది. యుద్ధారంభంలో లింకన్ లక్ష్యం యూనియన్ రక్షణే. డెలవేర్, మేరీలాండ్, కెంటకీ, మిసోరి అనే నాలుగు బానిస రాష్ట్రాలు యూనియన్‌లోనే ఉండిపోయాయి కూడా.

లక్ష్యాన్ని మార్చడంలో మొదటి అడుగు వేసింది బానిసలే. 1861 మేలో వర్జీనియాలోని మన్రో కోటకు ముగ్గురు పారిపోయి వచ్చారు. శత్రువు ఆస్తిగా వారిని స్వాధీనం చేసుకుంటున్నానని జనరల్ బెంజమిన్ బట్లర్ వారిని తిప్పి పంపడానికి నిరాకరించాడు. 'ఆస్తి' అనే యజమానుల మాటే ఇక్కడ వారికి ఎదురుతిరిగింది. ఆపై వేలాదిగా జనం సైనిక శిబిరాలకు తరలివచ్చారు. 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకు వర్తించింది. సుమారు 1 లక్షా 80 వేల మంది నల్లజాతివారు యూనియన్ సైన్యంలో పోరాడారు. విముక్తిలో వారి పాత్రను కేంద్రస్థానంలో నిలిపిన గ్రంథం డుబోయిస్ 1935లో ప్రకటించిన 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్ ఇన్ అమెరికా'.

మృతుల సంఖ్యను చిరకాలంగా 6 లక్షల 20 వేలుగా చెప్పేవారు. జనాభా లెక్కల ఆధారంగా ఇటీవల జరిగిన పరిశోధన దాన్ని ఏడున్నర లక్షల వరకు పెంచింది. 1865 డిసెంబరులో అమలులోకి వచ్చిన 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. అమెరికా రాజ్యాంగంలో 'బానిసత్వం' అనే పదం మొదటిసారి కనిపించేది ఇక్కడే. ఆ పదం రాజ్యాంగంలోకి ప్రవేశించింది రద్దు కావడానికే. అయితే నేరానికి శిక్షగా విధించే నిర్బంధ సేవను ఆ సవరణ మినహాయించింది. యుద్ధానంతర దక్షిణాదిలో ఖైదీల శ్రమను అద్దెకిచ్చే పద్ధతికి ఆ మినహాయింపు ఆశ్రయమిచ్చింది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ప్రతి రాజీ తాత్కాలికంగా ప్రశ్నను వాయిదా వేసి, అంతకన్నా పెద్ద ప్రశ్నకు కారణమయింది. రెండు, 'రాష్ట్రాల హక్కులు' ఈ వివాదంలో స్వతంత్రమైన కారణం కాదు. బానిసత్వాన్ని రక్షించే సాధనాలలో ఒకటి మాత్రమే. మూడు, ఉత్తరాది లక్ష్యం, దక్షిణాది లక్ష్యం ఒకే సమస్యకు సమానమైన రెండు ముఖాలు కావు. ఒకరు బానిసత్వం కోసం విడిపోగా, ఇంకొకరు ఐక్యత కోసం యుద్ధంలో దిగి, యుద్ధక్రమంలో విముక్తికి చేరుకున్నారు.

ఈ చరిత్ర మనకు పూర్తిగా పరాయిది కాదు. అమెరికన్ పత్తి ఆగిపోయిన యుద్ధకాలంలో భారతీయ పత్తి ధరలు ఆకాశానికంటి, యుద్ధం ముగియగానే కుప్పకూలాయి. ఆ ఒడిదుడుకులు మన రైతులనూ తాకాయి. ఆలోచనల పరంగా అంతకన్నా లోతైన బంధం 1873లో జోతిరావు ఫూలే ప్రకటించిన 'గులామ్‌గిరి'లో ఉంది. బానిస విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు ఆయన ఆ గ్రంథాన్ని అంకితం చేశాడు. తన సమాజంలో మర్యాదగల పేర్లతో చలామణీ అయిన వ్యవస్థను ఆయన దాని అసలు పేరుతో పిలిచాడు. పీడనకు సున్నితమైన పేరు పెట్టడం, పేరే పెట్టకపోవడం ఏ భాషకూ ఏ దేశానికీ ప్రత్యేకం కావు. 'దాస్యం' అనే పదంలో భక్తినీ, పరాధీనతనూ కలిపి చదువుకున్న మన సాహిత్య విమర్శ, ఆ పదం వెనుక నిజంగా ఆస్తిగా బతికిన మనుషులు మన శాసనాల్లో, మన కావ్యాల్లో, మన కథల్లో ఎక్కడెక్కడ ఏ పేర్లతో ఉన్నారో వెదకవలసి ఉంది. అమెరికా అనుభవం ఆ వెదుకులాటకు ఒక పద్ధతిని చూపుతుంది: రాసిన మాటను ఎంత జాగ్రత్తగా చదువుతామో, రాయకుండా వదిలిన మాటనూ అంతే జాగ్రత్తగా చదవాలి.